తెల్ల గుర్రం 2 లక్షల 40 వేలు చెప్తున్నారు, పెట్టొచ్చా? (అర్జంటు)

కొత్తసవారీ:
మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడ గుర్రాల సంతకి వచ్చి రెండు రోజులైంది. పొద్దున్నుంచి ఒకే గుర్రం దగ్గర నిలబడ్డాను. ఓనరు 2 లక్షల 40 వేలు అంటాడు. దళారి తువ్వాలు కప్పి నా వేళ్లు పట్టుకుని లెక్క చెప్తాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పక్క గుడారంలో అలాంటిదే లక్షా పదికి వస్తోంది. తెల్లది, మంచి ఎత్తు, నాలుగు పళ్లు. పంచకళ్యాణి కాబట్టే రేటు ఎక్కువట. రేపు పొద్దునకల్లా డబ్బు కట్టాలట. టెన్షన్‌తో తల పగిలిపోతోంది. సరైన ధర ఎంతో ఎవరైనా చెప్పండి.

గిట్టలచప్పుడు:
ఆడదా, మగదా? ఎన్ని అంగుళాలు? దేనికి కొంటున్నారు? ఇవి తెలియకుండా ధర చెప్పలేం.

సుడులలెక్క:
ముందు సుడులు చూడండి తమ్ముడూ. నుదుటి మీద ఒక్క సుడి ఉంటే మంచిది. గొంతు కింద ఉంటే దేవమన్ అంటారు, దానికి డబ్బు ఎక్కువ పెట్టినా తప్పులేదు. కంటి కింద ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మా తాత జట్కా బండి తోలినన్నాళ్లూ సుడి చూడకుండా గుర్రాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు. మెడ ఫొటో పెట్టండి.

పాతజీను:
సుడికీ నడకకీ సంబంధం లేదండి. సుడి బాగుందని కుంటి గుర్రాన్ని కొన్నవాళ్లను చూశాను. ఇంకోటి, ఒళ్లంతా తెల్లగా ఉన్నదాన్ని పంచకళ్యాణి అనరు. ఒళ్లు వేరే రంగులో ఉండి నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉంటేనే ఆ పేరు. మీకు చెప్పింది రేటు పెంచుకోవడానికి.

సుడులలెక్క:
మా వైపు తెల్లవాటినీ అలాగే అంటారు. నమ్మకాలను తీసిపారేయకండి.

ఎడ్లజత:
నాలుగు పళ్లంటే రెండున్నర, మూడేళ్లు ఉంటుంది. లేతది, ఆ ధర ఎక్కువే.

పాతజీను:
అది ఎద్దుల లెక్క అన్నా. ఎద్దుకి కింది ముందుపళ్లు ఎనిమిది, గుర్రానికి ఆరే. గుర్రానికి రెండున్నరేళ్లకి మొదటి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లొస్తాయి, మూడున్నరకి రెండో జత, నాలుగున్నరకి మూడోది. నాలుగు పళ్లంటే దాదాపు నాలుగేళ్లు.

కొత్తసవారీ:
ఆడదే. 61 అంగుళాలన్నారు. పెళ్లి ఊరేగింపులకి, మాది నిజామాబాద్. చెప్పానేమో అనుకున్నాను. పళ్లు నేను చూడలేదు, దళారి చెప్పాడు. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ నల్లగా ఉంది, అది లోపమా?

గిట్టలచప్పుడు:
లోపం కాదు, కానీ మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. చర్మం గులాబీగా ఉంటే నుక్రా, పుట్టుకతోనే తెల్లది. పెళ్లిళ్లకి గిరాకీ దానికే. చర్మం నల్లగా ఉంటే సబ్జా. అది పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి ఏడాదికేడాది తెల్లబడుతుంది. నాలుగేళ్లకే ఒళ్లంతా తెల్లబడటం అరుదు, కాబట్టి వయసు ఎక్కువే ఉండొచ్చు. దయచేసి నోరు తెరిపించి మీ కళ్లతో చూడండి. కింది పళ్ల పైభాగంలో నల్లటి గుంటలుంటాయి. నడిమి పళ్లలో ఆరేళ్లకి, పక్కవాటిలో ఏడుకి, చివరివాటిలో ఎనిమిదికి అరిగిపోతాయి.

రేపు తెల్లవారకముందే, చెప్పకుండా వెళ్లండి. జీను వేసి తిప్పాక కాదు, కట్టేసిన చోటి నుంచి విప్పగానే గట్టి నేల మీద నెమ్మదిగా పరుగెత్తించండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకి ఆనగానే తల పైకి లేస్తుంది. నొప్పి ఇంజెక్షన్ పొడిచి అమ్మేవాళ్లుంటారు కాబట్టి ఒక్కసారి చూసి నమ్మకండి. పెళ్లిళ్లకి కాబట్టి డీజే పక్క నుంచి నడిపించండి. బెదిరిందా, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, పైన కూర్చునేది పెళ్లికొడుకు.

పశువైద్యం:
గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి చేసే రక్తపరీక్ష రిపోర్టు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. టీకా లేదు, మనుషులకీ సోకుతుంది.

సుడులలెక్క:
మెడ ఫొటో పెట్టలేదు మీరు.

కొత్తసవారీ:
ఐదున్నరకే వెళ్లాను. నోరు తెరవనివ్వలేదు, గట్టిగా అడిగితే తెరిచారు. కింద ఆరూ పెద్ద పళ్లే, చివరివాటిలో కూడా గుంటల్లేవు, అంటే ఎనిమిదేళ్లు దాటినట్టే. వదిలేశాను. ఇంకో గుడారంలో గులాబీ ముక్కుది ఒకటి ఉంది, చూడ్డానికి వెళ్తున్నా. థాంక్స్ అన్నా.

పశువైద్యం:
దానికి రిపోర్టు అడిగారా?