కొరియన్ ఫైళ్ల కోసం లినక్స్‌లో విండోస్ ఫాంట్లు వేసుకోవచ్చా?

సియోల్_సాంబారు:
అందరికీ నమస్తే. సియోల్‌లో ఎంఎస్ చేస్తున్నా. నాది ఉబుంటు లినక్స్, వర్డ్ బదులు లిబ్రేఆఫీస్. ల్యాబ్ నుంచి వచ్చే వర్డ్ ఫారాలన్నీ విండోస్‌తో వచ్చే కొరియన్ ఫాంట్ మాల్గున్ గోథిక్‌లో ఉంటాయి. నా దగ్గర డబ్బాలేం పడవు, అక్షరాలు శుభ్రంగానే కనిపిస్తాయి. కానీ ఒక పేజీ ఫారం రెండో పేజీకి జారిపోతోంది, అక్కడ సంతకం గడి ఒక్కటే ఉంటుంది! విండోస్ నుంచి ఫాంట్ ఫైలు కాపీ చేసుకోమని సీనియర్ అంటున్నాడు. చేయొచ్చా?

దండోరా:
చేసెయ్ తమ్ముడూ. ల్యాప్‌టాప్‌తో పాటు విండోస్‌కీ డబ్బు కట్టే ఉంటావుగా. ఉచిత ఫాంట్లలో ఏరియల్‌కి జోడీగా లిబరేషన్ ఉంది, కాలిబ్రికి కార్లిటో ఉంది, అక్షరాల వెడల్పు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మాల్గున్‌కి అలాంటి జోడీ ఏది? దాని బదులు ఉచిత ఫాంట్ నోటో పడితే వరుస ఎత్తే అక్షరం సైజుకి దాదాపు ఒకటిన్నర రెట్లు. పట్టిక జారక ఏం చేస్తుంది?

ఖతిప్రియ:
డబ్బు కట్టింది విండోస్ నడుపుకోడానికండీ, దాని ఫాంట్లు ఇంకోచోట పెట్టుకోడానికి కాదు. ఉబుంటులో దొరికే ఎంఎస్‌కోర్‌ఫాంట్స్ ప్యాకేజీలో ఏరియల్, వర్దానా లాంటివే ఉంటాయి, కొరియన్‌వి లేవు. వర్డ్‌లో ఫాంట్‌ని ఫైల్లోనే పొదిగి సేవ్ చేసే ఆప్షన్ ఉంది, లిబ్రేఆఫీస్ దాన్ని చదువుతుంది. పంపేవాళ్లని అది టిక్ పెట్టమనండి. లేదా పీడీఎఫ్ అడగండి.

దండోరా:
ప్రొఫెసర్ దగ్గరికెళ్లి "సార్, ఫాంట్ పొదిగి పంపండి" అని మీరు అడుగుతారా?

పాతకాపు:
కాపీ సంగతి తర్వాత. మాల్గున్ బదులు అసలు ఏది కూర్చుందో చూశారా? టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కి ఆ పేరిస్తే చెబుతుంది. చాలాచోట్ల జపాన్ నోటో వస్తుంది. కొరియన్ లిపి హంగుల్‌లో తేడా తెలీదు గానీ హంజా (కొరియన్‌లో వాడే చైనా అక్షరాలు) జపాన్ రూపంలో పడతాయి. లిబ్రేఆఫీస్ ఆప్షన్లలో ఫాంట్ల రీప్లేస్‌మెంట్ టేబుల్ ఉంటుంది. అక్కడ మాల్గున్‌కి ఎదురుగా నానుమ్ గోథిక్ పెట్టండి. కొరియా ఇంటర్నెట్ కంపెనీ నేవర్ వాళ్లు 2008లో ఉచితంగా ఇచ్చింది, వరుసలు నోటో కంటే దగ్గరగా ఉంటాయి. ఇంకోటి, పాఠ్యంలో ఫాంట్ మార్చేటప్పుడు ఏషియన్ గడిలో మార్చాలి. వెస్టర్న్ గడిలో ఎంత మార్చినా కొరియన్ కదలదు. తెలుగు టైపు చేసేవాళ్లకి ఈ బాధ తెలిసిందే, మనది సీటీఎల్ (సంక్లిష్ట లిపుల) గడి.

అలాగని కనబడ్డ ఉచిత ఫాంటల్లా దించకండి. కంప్యూటర్ అక్షరాలకి 1987లో వచ్చిన కొరియా ప్రమాణంలో 2,350 హంగుల్ అక్షరాలకే చోటిచ్చారు. యూనికోడ్‌లో 11,172 ఉన్నాయి. ఆ 2,350తో ఆపేసిన ఫాంట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. థాయ్ సూప్ టామ్ యమ్ పేరు కొరియన్‌లో రాస్తే మొదటి అక్షరం 'త్తోమ్' ఆ జాబితాలో లేదు. అదొక్కటే వేరే ఫాంట్ నుంచి వచ్చి, మాట మధ్య లావుగానో సన్నగానో కనిపిస్తుంది. అప్పుడందరూ లినక్స్‌నే తిడతారు.

సియోల్_సాంబారు:
నానుమ్ పెట్టాను, ఫారం ఒక్క పేజీలోకి వచ్చింది. థ్యాంక్స్ అన్నా. కానీ పేరాల్లో వరుసలు ఇంకా వేరేచోట విరుగుతున్నాయి. థీసిస్ టెంప్లేట్‌కి ఇలా కుదరదు.

దండోరా:
అందుకే కాపీ చేయమన్నది.

ఖతిప్రియ:
థీసిస్ చివరి సర్దుబాటు ల్యాబ్‌లోని విండోస్ మెషీన్ మీద చేసుకోండి. ఫాంట్‌కి లైసెన్స్ ఉన్నది అక్కడే.

పాతకాపు:
నేనూ అదే అంటా. హెచ్‌డబ్ల్యూపీ (కొరియా వాళ్ల సొంత వర్డ్ ప్రాసెసర్) ఫైలు వస్తే మాత్రం వేరే థ్రెడ్ తెరవండి. లిబ్రేఆఫీస్ సొంతంగా తెరిచేది దాని 97 నాటి రూపాన్నే, అక్కడ ఫాంట్ దాకా కూడా వెళ్లం.