తప్పు డెక్స్‌కూల్‌దా, గాస్కెట్‌దా? 3.4 వీ6 కారులో కూలెంట్ తగ్గిపోతోంది

కొత్తగా_మిస్సోరి:
అన్నలకు నమస్తే. మాస్టర్స్‌కి వచ్చి మా యూనివర్సిటీ సీనియర్ దగ్గర 2003 మోడల్ కారు కొన్నాను. 3.4 లీటర్ వీ6 ఇంజిన్. కింద ఒక్క చుక్క కారడం లేదు, అయినా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూనే ఉంది. మెకానిక్ చూసి లోయర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే భాగం కింద ఉండే సీలు) పోయింది, 900 డాలర్లు అవుతుందన్నాడు. లోపల ఉన్నది డెక్స్‌కూల్ అనే నారింజ రంగు కూలెంట్. అదే గాస్కెట్‌ని తినేసిందని మా రూమ్మేట్ అంటున్నాడు. కొత్త గాస్కెట్ వేశాక పచ్చ రంగు కూలెంట్‌కి మారిపోవాలా?

రెంచి_రావు:
మారిపో తమ్ముడూ. నీ కారు చేసిన జీఎం (జనరల్ మోటార్స్) 1996 మోడళ్ల నుంచి డెక్స్‌కూల్ పోయడం మొదలుపెట్టింది. ఐదేళ్లో లక్షా యాభై వేల మైళ్లో అయ్యేదాకా మార్చక్కర్లేదని చెప్పింది. ఆ తర్వాతే 3.1, 3.4, 3.8 ఇంజిన్లలో ఈ గాస్కెట్లు వరసగా పోయాయి. ఆ కూలెంట్‌లో 2-ఇథైల్‌హెక్సనోయిక్ యాసిడ్ ఉంటుంది. గాస్కెట్ ఫ్రేమేమో నైలాన్, దాని మీద సిలికాన్ అంచు. ఆ యాసిడ్ ఈ రెండింటినీ మెత్తబరుస్తుంది. ఊరికే అంటున్నానా? 2008లో క్లాస్ యాక్షన్ కేసు (ఓనర్లంతా కలిసి కంపెనీ మీద వేసింది) రాజీ అయి, రిపేరు చేయించుకున్నవాళ్లకు 50 నుంచి 800 డాలర్ల దాకా ఇస్తామన్నారు. ఏ తప్పూ లేకపోతే డబ్బెందుకిస్తారు?

నీలిరేడియేటర్:
రావుగారూ, రాజీ అంటే తీర్పు కాదు. ఫోర్డ్ 4.6 వీ8 సంగతి చూడండి. అందులో పోసింది పాత పచ్చ కూలెంటే. అయినా ప్లాస్టిక్ ఇన్‌టేక్ ముందు భాగంలో, కూలెంట్ దాటే చోట పగిలిపోయింది. దాని మీదా కేసు పడింది. అక్కడ డెక్స్‌కూల్ ఎక్కడుంది? ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండే చోట ప్లాస్టిక్ పెట్టడమే అసలు తప్పు. మీ 3.4లో కింద బ్లాకు (ఇంజిన్ ప్రధాన భాగం) ఇనుము, పైన హెడ్లు (సిలిండర్ల మూతలు), మానిఫోల్డ్ అల్యూమినియం. రెండు లోహాలూ ఒకేలా వ్యాకోచించవు. మధ్యలో నలిగేది ఆ నైలాన్ ఫ్రేమే.

ఒహాయో_చలి:
ఆయిల్ మూత తీసి చూడు బ్రో. కింద మీగడలా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలిసినట్టే.

నీలిరేడియేటర్:
కాదు. చలికాలంలో రెండు మైళ్లు తిప్పి ఆపేసే ఏ కారుకైనా తేమ చేరి మూత కింద ఆ మీగడ కడుతుంది.

ఒహాయో_చలి:
మా కజిన్ కారుకి అలాగే కట్టింది, గాస్కెటే పోయింది.

నీలిరేడియేటర్:
మీ కజిన్‌కి గాస్కెట్ పోయి ఉండొచ్చు. మీగడ మాత్రం రుజువు కాదు. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపితే సోడియం, పొటాషియం ఎక్కువ చూపిస్తుంది, అది రుజువు. కాకపోతే రేడియేటర్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

ఒహాయో_చలి:
మూత తీయడానికి ల్యాబెందుకండీ.

రెంచి_రావు:
మీగడ గొడవ ఆపండి. నేను విప్పిన గాస్కెట్ చూసి చెబుతున్నాను. కూలెంట్ రంధ్రం చుట్టూ సిలికాన్ అంచు ఊడి పక్కకి జరిగింది. గోటితో గీరితే నైలాన్ పెచ్చులుగా రాలింది. ఇన్‌టేక్ గాలి పోయే రంధ్రాల దగ్గర అదే నైలాన్ గట్టిగా ఉంది. వేడి రెండు చోట్లా ఉంది, కూలెంట్ ఒక్క చోటే ఉంది. దీనికేం చెబుతారు?

నీలిరేడియేటర్:
ఆ కూలెంట్ ఎన్నేళ్లుగా మార్చలేదో చెప్పండి ముందు. ట్యాంకులో మట్టం తగ్గి లోపలికి గాలి చేరితే డెక్స్‌కూల్ గోధుమరంగు బురదవుతుంది. 4.3 ఇంజిన్ ట్రక్కుల్లో జరిగింది అదే. నెలకోసారి మూత తీసి చూసుకునే ఓనర్‌కి ఈ తిప్పలుండవు. కొన్నవాళ్లు చూసుకోరు, తర్వాత కంపెనీని తిడతారు, అమ్మినవాణ్ని తిడతారు.

రెంచి_రావు:
చూసుకోలేదా? నేను కొన్న వారంలోనే ఆయిల్ మార్చాను సార్. పాన్‌లోకి కాఫీ రంగు ఆయిల్ దిగింది. గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే ద్రవం) కలిసిన ఆయిల్‌తో బేరింగులు అప్పటికే అరిగిపోయాయి. నెల తిరక్కుండా ఇంజిన్ కొట్టుకోవడం మొదలైంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "పాత కారు కదా బాబూ" అన్నాడు. నా మొదటి సెమిస్టర్ డబ్బంతా దానికే పోయింది. మెయింటెనెన్స్ గురించి నాకు పాఠం చెప్పకండి.

గోదారోడు:
ఇద్దరూ శాంతించండి. తమ్ముడూ, కొన్నప్పుడు కూలెంట్ నిండుగా ఉందా?

కొత్తగా_మిస్సోరి:
నిండుగానే ఉంది అన్నా. కాకపోతే డిక్కీలో స్పేర్ టైర్ పక్కన గాలన్ డబ్బా ఒకటి దొరికింది, సగం నీళ్లు. పక్కనే గరాటు. అప్పుడు అడిగితే అద్దం తుడుచుకోవడానికి అన్నాడు సీనియర్. ఇప్పుడు ట్యాంకులో చూస్తే నారింజ రంగు బాగా పలచబడి ఉంది.

రెంచి_రావు:
వాడికి తెలుసు! ఊళ్లో అంబాసిడర్‌కి పోసినట్టు నీళ్లు పోసి నడిపాడు. సగం కూలెంట్, సగం నీళ్లు ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ఇలా నీళ్లే పోస్తూ పోతే తుప్పు ఆపే మందు పోతుంది, మిస్సోరి చలికి బ్లాకే పగలొచ్చు. అమ్మేరోజు మట్టం నింపి చేతిలో పెట్టాడు.

నీలిరేడియేటర్:
ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు మనిషికీ మనిషికీ అమ్మితే ఉన్నది ఉన్నట్టే అమ్మకం. ముందే మెకానిక్‌కి చూపించుకోవడం కొనేవాడి పని. నేను నా కారు అమ్మినప్పుడు గాస్కెట్ చెమ్మ కారుతోందని చెప్పి, 600 డాలర్లు తగ్గించి ఇచ్చాను. అయినా కొన్నవాడు మన తెలుగు గ్రూపుల్లో నన్ను దొంగ అని రాశాడు. చెప్పి అమ్మినా దొంగే, దాచి అమ్మినా దొంగే అయితే ఇక చెప్పేదెవరు?

రెంచి_రావు:
మీరు చెప్పారు కాబట్టి మీ మీద మాట పడకూడదు, అది అన్యాయం. ఈ సీనియర్ చెప్పలేదు. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా అడిగితే అద్దం తుడవడానికి అని అబద్ధం. దేశం కాని దేశంలో జూనియర్ మనల్ని నమ్మి వస్తాడు. మెకానిక్‌కి చూపించమని చెప్పేది కూడా మనమేగా.

గోదారోడు:
ఇందాకటి నుంచీ కొట్టుకుంటున్నది దీనికా, కూలెంట్‌కా?

నీలిరేడియేటర్:
దీనికే. కూలెంట్ విషయంలో నా మాట మారదు. తమ్ముడూ, అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న కొత్త రకం గాస్కెట్ వేయించుకో. మళ్లీ నైలాన్‌ది వేస్తే ఏ రంగు పోసినా దండగ. సిస్టమ్ అంతా కడిగించి, ఏదో ఒక రంగే పోయించు, రెండూ కలపకు.

రెంచి_రావు:
గాస్కెట్ విషయంలో ఒప్పుకుంటాను. ఇంకోటి, ఆ పనికి పుష్‌రాడ్లు (వాల్వుల్ని తెరిచే కడ్డీలు) తీయాలి. ఇన్‌టేక్‌వి పొట్టివి, ఎగ్జాస్ట్‌వి పొడుగువి. తారుమారైతే వాల్వులు వంగుతాయి. మెకానిక్ వాటిని వరస తప్పకుండా పెడతాడో లేదో అడుగు. బోల్టులు నిలువువి ముందు, ఏటవాలువి తర్వాత. టార్క్ రెంచి (బోల్టు ఎంత బిగిసిందో కొలిచేది) లేని చోట చేయించకు. అప్పటిదాకా కారు తీయొద్దు, ఆయిల్ కూడా మార్పించు.

కొత్తగా_మిస్సోరి:
థాంక్స్ అన్నా. డిప్‌స్టిక్ చూశాను, ఆయిల్ శుభ్రంగానే ఉంది. శనివారం చేయిస్తాను. బిల్లు సీనియర్‌కి పంపి సగం ఇమ్మని అడగాలనుకుంటున్నా.

నీలిరేడియేటర్:
సగం న్యాయమే. మొత్తం అడిగితే మాత్రం నేను అతని వైపే.

రెంచి_రావు:
మొత్తం అడుగు.