బన్నూ చాయ్ కాదు, ‘బాన్ మీ చయ్’

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలి. మాట తెలుగుది కాదు, వియత్నాం వాళ్ళది: ‘బాన్ మీ’, వాళ్ళ శాండ్‌విచ్ పేరు. కానీ దాన్ని తెలుగులో ఎలా రాయాలి, అసలు ఏమనాలి అని మా ఇంట్లో మూడు వారాలుగా పంచాయితీ నడుస్తోంది. తీర్పు మీరే చెప్పాలి.

మేముండేది అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. తెనాలి నుంచి మా మామగారు వచ్చారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. మాంసం, గుడ్డు ముట్టరు. ఒక శనివారం శాన్ హోసేలో పని చూసుకుని వస్తుంటే అందరికీ ఆకలేసింది. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయాక వచ్చిన వియత్నాం కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊళ్ళలో శాన్ హోసే ఒకటి. అక్కడ లాండ్రీకీ గోళ్ళ రంగుల పార్లర్‌కీ మధ్య ఇరుక్కుని ఉన్న ఒక చిన్న శాండ్‌విచ్ కొట్టు నాకు తెలుసు. అక్కడికే తీసుకెళ్ళాను.

హంగులేమీ ఉండవు. ట్యూబులైట్లు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, అందులో ఒకదాని మీద కొత్తిమీర కట్టల పెట్టె. గోడ మీద నంబర్లు వేసిన మెనూ. ధర పెరిగినప్పుడల్లా పాత అంకె మీద తెల్ల కాగితం అతికించి కొత్తది రాస్తారు. దగ్గరికెళ్ళి చూస్తే కాగితం మీద కాగితం, గుత్తిలా ఉబ్బి ఉంటుంది. కార్డు చెల్లదు, క్యాషే. 5 కొంటే 1 ఫ్రీ. కౌంటర్లో అరవై ఏళ్ళావిడ. ఆవిడ మన ముఖం చూడదు, నంబరు వింటుంది, అంతే.

నేను మామగారి కోసం కూరగాయలది ఒకటి అడిగాను. ఆవిడ లోపలికి తిరిగి “బాన్ మీ చయ్!” అని ఒక్క కేక పెట్టింది.

మామగారి ముఖం వెలిగిపోయింది. “బన్నూ చాయ్ అంటోందమ్మాయ్! ఇక్కడ కూడా దొరుకుతుందా!”

వచ్చింది కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన జానెడు రొట్టె. చాయ్ ఏదని ఆయన పది నిమిషాలు కౌంటర్ వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు చెప్పడానికి మనసు రాలేదు. చివరికి “మామయ్యగారూ, వాళ్ళ భాషలో చయ్ అంటే శాకాహారం” అంటే, “మరి ఆ ముక్క ముందు చెప్పొద్దూ” అని కాగితం విప్పారు. లోపల వేయించిన టోఫు, వెనిగర్‌లో ఊరిన ముల్లంగి, క్యారెట్ సన్నపు ముక్కలు, కీరా, కాడలతో సహా కొత్తిమీర, పచ్చిమిర్చి. రొట్టె పైపొర అప్పడంలా పగిలింది, లోపలంతా గాలి. ఆయన ప్యాంటు మీద పొట్టు రాలి, లేచి దులుపుకుంటే నేలంతా పడింది. “కొరికితే చప్పుడొచ్చే రొట్టె బాగుంది, కానీ దీనికి తెలుగులో పేరు లేదు” అన్నారు. గొడవ అక్కడ మొదలైంది.

ఆయన ‘కూరురొట్టె’ అని ఒక మాట పుట్టించారు. కూరిన రొట్టె కాబట్టి. మా ఆయన ‘వియత్నాం శాండ్‌విచ్’ చాలదా అంటాడు. నేను ‘బాన్ మీ’ అనే రాయాలంటాను. ఇడ్లీని ఇంగ్లీషువాడు ఆవిరి బిళ్ళ అని రాస్తే మనకెలా ఉంటుంది? మీరేమంటారు?

గుంటూరు నుంచి: అమ్మా, ఇది ఫ్రెంచి మాట కదా. ఫ్రెంచిలో మెత్తటి రొట్టెను ‘పాన్ ద మీ’ అంటారు. దాన్నే వియత్నాం వాళ్ళు నోరు తిరగక బాన్ మీ అన్నారని విన్నాను. అలాంటప్పుడు అసలు మాటకే పోవచ్చుగా.

నేను: సార్, నేనూ మొదట అదే అనుకున్నాను. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ నిలవదు. రొట్టె ఫ్రెంచివాళ్ళదే, పేరు మాత్రం వియత్నాం వాళ్ళ సొంతం. ‘బాన్’ అనేది చైనా నుంచి ఎప్పుడో వచ్చి వియత్నాం భాషలో ఇంకిపోయిన పాత మాట. ‘మీ’ అంటే గోధుమ. గోధుమ పైరును ‘లువా మీ’ అంటారు. అంటే ఫ్రెంచివాళ్ళు 1859లో సైగాన్ పట్టుకుని రొట్టెలు కాల్చడానికి చాలా ముందే ‘బాన్’ అక్కడ ఉంది. ఆ బాన్ అన్నీ ఎక్కువగా వరిపిండివి. కొత్తగా వచ్చింది గోధుమది కాబట్టి గోధుమ బాన్ అన్నారు. ఉత్తరాన ‘పడమటి బాన్’ అని కూడా అనేవారట. మనం సీమ చింతకాయ, సీమ పంది అన్నట్టే.

ఇక బాన్ అంటే ఏమిటో చెబుతాను, ఇది మీ అందరికీ నచ్చుతుంది. ఆవిరి మీద ఉడికించేదీ బానే, నూనెలో వేయించేదీ బానే, ఆకులో చుట్టి ఉడకబెట్టే పండగ వంటా బానే, కొన్ని నూడుల్స్ కూడా బానే. పసుపు వేసిన వరిపిండి అట్టు ఒకటుంది, ‘బాన్ సేవ్’. సేవ్ అంటే పెనం మీద పిండి పడినప్పుడు వచ్చే చప్పుడు. మన సుయ్యి! సుయ్యిమనే అట్టుకి సుయ్యట్టు అని పేరు పెట్టుకున్నారన్నమాట. ఇన్నింటినీ కలిపే ఇంగ్లీషు మాట లేదు, కేకు అని సరిపెడతారు. మనకుంది: పిండివంట.

తణుకు నుంచి: పిండివంట అంటే సగమే కుదురుతుంది తల్లీ. మనకు పిండివంట అంటే పండగో పెళ్ళో ఉండాలి. అరిసెలు, బూరెలు, చక్రాలు. రోడ్డు పక్క కొని నడుస్తూ తినేదాన్ని ఎవరైనా పిండివంట అంటారా? ఉద్యోగరీత్యా నేను రెండేళ్ళు సైగాన్‌లో ఉన్నాను. వాళ్ళు సబ్బును లెక్కపెట్టేటప్పుడు కూడా బాన్ అనే అంటారు, ‘ఒక బాన్ సా ఫొంగ్’ అని. బండి చక్రానికీ బాన్ అనే మాట ఉంది. సబ్బుకీ రొట్టెకీ చక్రానికీ సరిపోయే తెలుగు మాట ‘బిళ్ళ’. సబ్బు బిళ్ళ అంటాం కదా.

అన్నట్టు ఆ ‘సా ఫొంగ్’ ఫ్రెంచి సబ్బు మాటే. మన ‘సబ్బు’ వేరే దారిన వచ్చినా మూలం ఒకటే. రెండు వేల మైళ్ళ దూరాన దాయాదులు. ఇంకొకటి, వెన్నను ఫ్రెంచి నుంచి తెచ్చుకుని ‘బ’ అని సాగదీసి పలుకుతారు. అవకాడోకి కూడా అదే పేరు. మన బజారులో దాన్నే బటర్ ఫ్రూట్ అంటున్నాం చూడండి. ఎవరూ ఎవరినీ చూసి రాయలేదు, పండు తిన్న నాలుక చెప్పింది.

నేను: బిళ్ళ అన్నది మామగారికి చదివి వినిపించాను. “చక్రానికి బిళ్ళ అనరు, చక్రమే అంటారు” అన్నారు. తర్వాత కాసేపటికి “సబ్బు సంగతి మాత్రం బాగుంది” అన్నారు. పండితులు ఓడినప్పుడు ఇలాగే ఒప్పుకుంటారు.

హ్యూస్టన్ నుంచి: నాకొక సందేహం. బాన్ మీ అంటే వట్టి రొట్టెనా, లోపల కూరినదా? ఇక్కడ చాలా కొట్ల మీద ‘బాన్ మీ శాండ్‌విచ్’ అని రాసి ఉంటుంది.

తణుకు నుంచి: రెండూనూ. వట్టి రొట్టె కావాలంటే ‘బాన్ మీ ఖొంగ్’ అనాలి. ఖొంగ్ అంటే లేదు, ఖాళీ అని. కూరి అమ్మడం తర్వాత వచ్చింది. ఫ్రెంచివాళ్ళ కాలంలో రొట్టె ఒక పక్క, మాంసం, వెన్న ఇంకో పక్క పళ్ళెంలో పెట్టుకుని తినేవారు. 1954లో దేశం రెండు ముక్కలయ్యాక ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి వలస వచ్చారు. అలా వచ్చిన ఒక జంట 1958లో సైగాన్‌లో ‘హోవా మా’ అనే చిన్న కొట్టు పెట్టారు. ఆఫీసులకు, పనులకు పరిగెత్తేవాళ్ళకు పళ్ళెం ముందు కూర్చునే తీరిక లేదు. అన్నీ రొట్టెలోనే దోపి కాగితంలో చుట్టి చేతికిచ్చారు. ఇప్పటి రూపం ఆ కొట్టు నుంచి వచ్చిందనే అక్కడ ఎక్కువమంది చెబుతారు. వెన్నకి బదులు మయోనైజ్, ఖరీదైన మాంసం తగ్గించి ఊరగాయ ముక్కలు, కొత్తిమీర, మిరపకాయ. చవక కోసం చేసిన మార్పులే రుచయ్యాయి.

‘బాన్ మీ శాండ్‌విచ్’ సంగతంటారా, మనం ‘నడి సెంటర్’ అనడం లేదూ, ‘గోడ మీద వాల్ పోస్టర్’ అనడం లేదూ! ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011లో ‘బాన్ మీ’ని చేర్చుకుంది. అక్కడ శాండ్‌విచ్ అనే అర్థమే.

యానాం నుంచి: ఫ్రెంచి మాటొచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఫ్రెంచివాళ్ళ కాలంలో మా యానాం మీద ఎగిరిందీ సైగాన్ మీద ఎగిరిందీ ఒకటే జెండా. పుదుచ్చేరి, కారైకాల్ వాళ్ళు ఫ్రెంచి కొలువుల్లో సైగాన్ వెళ్ళారు. అక్కడి మారియమ్మ గుడి ఇప్పటికీ ఉంది. కానీ ఆ రొట్టె సైగాన్‌లో వీధివీధినా నిలిచింది, మా దగ్గర నిలవలేదు. పులస ముందు రొట్టె ఏం నిలుస్తుంది లెండి.

హైదరాబాద్ నుంచి: రొట్టె సంగతి సరే, ఆ కొట్టును ఏమంటారో ఎవరూ చెప్పలేదు. ‘హంగులు లేని చిన్న కొట్టు’ అని ఇంత పొడుగు ఎందుకక్కా, కాకా హోటల్ అనండి. మా దిక్కు కాక అంటే చిన్నాయన. హోటల్ చిన్నాయనది, లెక్క చిన్నాయన నోట్లో, అరువు మనది.

గుంటూరు నుంచి: కాకా హోటల్‌లోని కాకా మీ చిన్నాయన కాడండీ. కేరళ నుంచి వచ్చి టీ కొట్లు పెట్టిన ముస్లింలను అక్కడ గౌరవంగా ‘కాకా’ అంటారు. ఆ పిలుపే కొట్టు పేరైంది. మా చిన్నప్పుడు బ్రాడీపేటలో ఉన్న కాకా కూడా మలయాళీయే. వలస వచ్చినవాడు చవగ్గా పెట్టిన కొట్టు అనే లెక్కన చూస్తే, శాన్ హోసే ఆవిడ కొట్టు అచ్చంగా కాకా హోటలే.

నేను: ఈ మాట నాకు బాగా పట్టింది. ఎందుకంటే వియత్నాంలో ‘నువ్వు, మీరు’ అని వరస లేకుండా పిలవడం మామూలుగా మర్యాద కాదు. అక్క, పిన్ని, మేనత్త, బాబాయి, ఏదో ఒక వరస కలపాలి, ఆ వరసే సర్వనామం. కౌంటర్లో ఆవిడని అక్కడి పిల్లలంతా ‘కో’ అంటున్నారు, మేనత్త అని. ‘అన్నా రెండు టీ’ అనే మనకి ఇది కొత్తేం కాదు. ఒక తేడా ఉంది, మనం వరస కలిపాక కూడా ‘మీరు’ని వదలం.

రాయడం గురించి మాత్రం నేను వెనక్కి తగ్గను. ‘బన్ మి’ అని కొందరు రాస్తున్నారు, అది బన్ను అనుకుంటారు, మా మామగారే సాక్షి. వాళ్ళ లిపి ఇంగ్లీషు అక్షరాలే గానీ పోర్చుగీసు పాదిరీల చేతిలో మొదలైంది. బాన్ చివర ‘ఎన్, హెచ్’ రాస్తారు. మాట మొదట్లో వస్తే ఆ జంట అచ్చంగా మన ‘ఞ’. ఇల్లు వాళ్ళకి ‘ఞా’. చివర వస్తే మటుకు హనోయ్‌లో ‘బాయ్ఙ్’లా ముక్కుతో వినిపిస్తుంది, సైగాన్‌లో మామూలు ‘న్’. అమెరికా వచ్చినవాళ్ళలో దక్షిణాది వాళ్ళే ఎక్కువ కాబట్టి ‘బాన్’. దానికి పైకి లేచే స్వరం, ‘మీ’కి కిందికి దిగే స్వరం. స్వరాలకు మన దగ్గర గుర్తు లేదు, వదిలేద్దాం.

హ్యూస్టన్ నుంచి: అయితే ‘ఇది మీ బాన్ మీ, అది మా బాన్ మీ’ అని రాయాల్సి వస్తుంది. చదివేవాళ్ళు చచ్చిపోతారు.

తణుకు నుంచి: చాయ్ మీద ఒక్క మాట చెప్పి ఆపుతాను. మీ మామగారు మరీ అంత తప్పు వినలేదు. టీని వియత్నాంలో ‘ట్రా’ అంటారు. ఉత్తరాది వాళ్ళ నోట్లో ఆ ‘ట్ర’ కాస్తా ‘చ’ అవుతుంది, ‘చా’ అనే వినిపిస్తుంది. మన చాయ్‌తో ఒకే చెట్టు ఆకు. ఈసారి అడిగి చూడమనండి.

నేను: అడిగారు! నిన్న మళ్ళీ వెళ్ళాం. మామగారే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, రెండు రోజులుగా హాల్లో ప్రాక్టీసు చేసిన ‘చయ్’ని పొట్టిగా పలికి ఒక వేలు చూపించారు. ఆవిడ మొదటిసారి తలెత్తి చూసింది. ఆ ధైర్యంతో “చా?” అన్నారు. ఆవిడ నవ్వి ఇంగ్లీషులో “మా అమ్మ ఇలాగే అనేది, హనోయ్ మనిషి” అంది. ఒక పెద్ద ప్లాస్టిక్ గ్లాసు నిండా తెచ్చి పెట్టి, డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపింది.

మామగారు గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. పాలు లేవు, చక్కెర లేదు, సగానికి పైగా ఐసుముక్కలు.

“అమ్మాయ్, ఇది వేడి చేసిస్తారేమో అడుగు.”