బాతు పిల్ల కాళ్లు పక్కకు జారిపోతున్నాయి, ఏం చేయాలి?

పరకాల నుంచి: అన్నా, కోడి కింద పెట్టిన బాతు గుడ్లు 28 రోజులకు పగిలాయి, నాలుగు పిల్లలు బాగున్నాయి గానీ ఒక్కదానికి రెండు కాళ్లూ చెరో పక్కకు జారి పొట్ట మీదే పాకుతోంది. నిన్నటి నుంచి ఒకటే టెన్షన్. అట్టపెట్టెలో పేపర్ పరిచాను.

హన్మకొండ నుంచి: ముందు ఆ పేపర్ తీసెయ్ తమ్మీ, నున్నగా ఉంటే కాలు నిలవదు, పాత టవల్ వెయ్. మెత్తటి బ్యాండేజ్ సన్నగా కత్తిరించి, రెండు కాళ్లూ ఒంటి కిందికి వచ్చేలా, మధ్యలో కొంచెం ఎడం ఉంచి కట్టు, బిగించకు. రోజూ విప్పి చూడు. ఆలస్యం చేయకు, లేత కాళ్లప్పుడే సరవుతాయి. మా పిల్ల నాలుగో రోజుకు నిలబడింది.

జనగామ నుంచి: కోడిపిల్లల కంటే బాతుపిల్లలకు నయాసిన్ (బి3 విటమిన్) ఎక్కువ కావాలి అన్నా, అది ఉండే బ్రూవర్స్ ఈస్ట్ పొడి దాణాలో కలుపు.

వరంగల్ నుంచి: కీలు వాచి కాలు మెలితిరిగితే మాత్రం కండను ఎముకకు పట్టి ఉంచే నరం (టెండన్) జారినట్టే, కట్టుతో ఆగకుండా మామునూరు వెటర్నరీ కాలేజీలో చూపించండి.