బలెయారిక్ దీవులు 1983: ఐదుగురిలో నలుగురు ఉన్న మయోర్కాకు 54లో 30 సీట్లేనా?

గోదారిగట్టు:
1983 మే 8న స్పెయిన్‌లోని బలెయారిక్ దీవులు మొదటిసారి సొంత పార్లమెంటును ఎన్నుకున్నాయి. స్వయంపాలన చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటిందంతే. మయోర్కాకు 30 సీట్లు, మెనోర్కాకు 12, ఇబీసాకు 11, ఫొర్మెంతేరాకు 1. జనంలో ఐదింట నాలుగు వంతులు మయోర్కాలోనే ఉన్నారు. అంటే మెనోర్కా ఓటు మయోర్కా ఓటుకు మూడింతల పైనే తూగింది. ఇదేం న్యాయం?

లంకవాసి:
మాది గోదావరి లంక. వరదొస్తే పడవ ముందు ఎక్కువ ఓట్లున్న ఊరికే పోతుంది, మేం గట్టు మీద చూస్తూ నిలబడతాం. ఫొర్మెంతేరాకు విమానాశ్రయం కూడా లేదు, ఏం కావాలన్నా ఇబీసా నుంచి పడవలో రావాల్సిందే. తలలు లెక్కపెడితే ఆ ఒక్క సీటూ దక్కదండీ. అయినా చిన్న దీవులన్నీ కలిసినా 24 మందే.

గోదారిగట్టు:
మయోర్కావాళ్లంతా ఒకే మాట మీద ఉంటే కదా! సోషలిస్టులకు 21, కుడివైపు పార్టీ అలియాన్సా పొపులార్ కూటమికీ 21. మధ్యలో 6 సీట్ల ఊనియో మయోర్కీనా కుడివైపు మొగ్గింది, ఆ కూటమి నాయకుడు గాబ్రియెల్ కన్యెయాస్ దీవుల ప్రభుత్వాధినేతగా గద్దెనెక్కాడు. 1995 దాకా దిగలేదు.

లంకవాసి:
ఆ ఆరుగురిదీ మయోర్కా పార్టీయే కదండీ, పేరులోనే ఉంది. తాళంచెవి పెద్ద దీవి దగ్గరే ఉంటే ఇంకా గోలేంటి?

నిమ్మసోడా:
లక్షద్వీప్‌లో 60 వేల ఓటర్లు కూడా లేరు, ఒక ఎంపీ. మల్కాజిగిరిలో 30 లక్షల పైనే, అక్కడా ఒక్కరే. మనం సర్దుకోవడం లేదా?

గోదారిగట్టు:
లోక్‌సభలో 543లో ఒకటి వేరు, 54లో 24 వేరు బ్రదర్. ఫొర్మెంతేరా సంగతి ఒప్పుకుంటా. మెనోర్కాకు 12 ఎందుకు? పైగా ఆ చట్టం మీద రెఫరెండం కూడా పెట్టలేదు. నాయకులు బేరమాడుకున్నారు, జనం పోలింగ్ రోజు చూశారు.

పాత_రికార్డు:
ఒక ముక్క అందరూ వదిలేశారు. అప్పట్లో పార్లమెంటుకు గెలిచినవాళ్లే తమ దీవి కౌన్సిల్‌లో, అంటే ఆ దీవి స్థానిక పాలన చూసే సభలో కూడా కూర్చునేవారు. జనాభా లెక్కన ఇస్తే మెనోర్కాకు నలుగురైదుగురు వచ్చేవారు. అంతమందితో కౌన్సిల్ ఎలా నడుపుతారు?

గోదారిగట్టు:
ఇది నాకు తట్టలేదు. కౌన్సిల్‌ను విడిగా ఎన్నుకోవచ్చుగా?

పాత_రికార్డు:
2007 నుంచి అలాగే ఎన్నుకుంటున్నారు. సీట్లు మాత్రం పెద్దగా మారలేదు, 59లో మయోర్కాకు 33.

గోదారిగట్టు:
చూశారా మరి!