అప్‌డేట్: మా పాపది ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) అనే తేలింది

పోయిన నెల అడిగాను కదా, 14 ఏళ్ల మా పాపకి ఎడమ కంటితో చూస్తే ఎర్ర రిబ్బన్ వెలిసిపోయిన ఇటుక రంగులో కనబడుతోంది, ఇమ్యూనిటీ తగ్గి ఇలా అయిందా అని. తగ్గి కాదట. ఉన్న ఇమ్యూనిటీయే దారి తప్పి, నరాల మీదుండే మైలిన్ పొరను శత్రువనుకుని కొరుకుతోందట. పిల్లల్లో మాగ్ (MOG) యాంటీబాడీ జబ్బు, అంటే మైలిన్ మీదే దాడి చేసే ఇంకో జబ్బు, కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి ముందు ఆ రక్తపరీక్ష చేశారు, నెగటివ్. వెన్నులోంచి తీసిన నీటిలో మాత్రం ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (పరీక్షలో గీతల్లా కనబడే యాంటీబాడీలు) కనిపించాయి, అంటే బి కణాలనే తెల్ల రక్తకణాలు అక్కడే కూర్చుని యాంటీబాడీలు తయారుచేస్తున్నాయన్నమాట.

ఇమ్యూనిటీ పెరుగుతుందని మా అత్తయ్యగారు రోజూ పోస్తున్న తిప్పతీగ కషాయం ఆపించడమే పెద్ద పని అయింది!

ఎంఎస్‌కి ఎబ్‌స్టీన్ బార్ వైరస్‌తో సంబంధం ఉందని పోయినసారి ఒకరు రాశారు. అమెరికా సైనికుల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో అది సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగిందన్నది నిజమే, కానీ ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే, టెన్షన్ వద్దన్నారు డాక్టర్.

5 రోజుల స్టెరాయిడ్ తర్వాత గోడ క్యాలెండర్‌లో తిథి చదివింది. ఇక జబ్బు తిరగబెట్టకుండా ఫింగోలిమాడ్ అనే మందు. మొదటి మాత్ర వేశాక 6 గంటలు గుండె వేగం చూస్తారట, సోమవారం రమ్మన్నారు.