అప్‌డేట్: లాగ్‌లో ఆ 131 ఏంటో తెలిసింది

మా స్టోరేజ్ క్లస్టర్ (కలిసి డేటా దాచే సర్వర్ల గుంపు, ఒక్కో సర్వర్ ఒక నోడ్) సిస్‌లాగ్‌లో, అంటే సర్వర్ల మెసేజ్‌లు నమోదయ్యే లాగ్‌లో, కొన్ని లైన్ల మొదట్లో <131> అని ఎందుకు వస్తోందని, డిస్క్ పోయింది ఒకటో నోడ్‌లో అయితే హోస్ట్‌నేమ్ దగ్గర మూడో నోడ్ పేరు ఎందుకుందని అడిగాను కదా, రెండూ తేలాయి. 131ని 8తో భాగిస్తే 16 వస్తుంది, శేషం 3. 16 అంటే లోకల్0 ఫెసిలిటీ (ఫెసిలిటీ అంటే మెసేజ్ ఏ రకం ప్రోగ్రామ్ నుంచి వచ్చిందో చెప్పే కోడ్), శేషం తీవ్రతను చెబుతుంది, 3 అంటే ఎర్రర్. ఈ శేషం ఎంత తక్కువైతే అంత సీరియస్. ఇది తెలియక <134> లైన్లు చూసి కూడా టెన్షన్ పడ్డాను, శేషం 6 కాబట్టి అవి మామూలు సమాచారమే.

హోస్ట్‌నేమ్ అంటే మెసేజ్ రాసిన నోడ్, చెడిపోయిన నోడ్ కాదు. ఒకటో నోడ్‌లో తేడా గమనించి మూడోది రాసింది, అసలు డిస్క్ వివరం మెసేజ్ చివర్లో ఉంది. సిస్‌లాగ్ పాత ఫార్మాట్ టైమ్‌స్టాంప్‌లో టైమ్‌జోన్ ఉండదు, అందుకే నోడ్లన్నిటినీ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మార్చాకే సంఘటనల వరుస కుదిరింది.